నీరు దిగే దారి వేరు, చక్రం దిగే దారి వేరు

(విశాఖ – భీమిలి కొండల్లో మౌంటెన్ బైక్ దారులు వేయడం, కాపాడుకోవడం గురించి చేసిన ప్రసంగం పాఠం)

అందరికీ నమస్కారం.

విశాఖ నుంచి భీమిలికి బీచ్ రోడ్డు మీద వెళ్తుంటే కుడిచేతి వైపు సముద్రం, ఎడమచేతి వైపు కొండలు. కొన్నిచోట్ల ఈ రెండింటి మధ్య కిలోమీటరు దూరం కూడా ఉండదు. కొండ మీద పడ్డ వాన ఆ కాస్త దూరంలోనే సముద్రంలోకి దిగిపోవాలి. దూరం తక్కువ, వాలు ఎక్కువ, కాబట్టి వేగం ఎక్కువ. ఈ కొండల మీద సైకిలు దారి వేయాలనుకునేవాళ్లు ముందు అర్థం చేసుకోవలసింది ఈ నీటిని. సైకిలు సంగతి తర్వాత.

నీరు పల్లమెరుగు అన్నారు పెద్దలు. కొండ నెత్తిన బిందెడు నీళ్లు కుమ్మరిస్తే ఏ గీత వెంట దిగుతాయో ఆ గీతను మనం 'నీటిగీత' అనుకుందాం. సైకిలు దారి ఆ గీత మీద పడితే అది రెండు వానలకే కాలవ అవుతుంది. ఆ గీతకు అడ్డంగా, కొండ నడుముకు వడ్డాణం చుట్టినట్టు వెళ్తే పదేళ్లయినా నిలుస్తుంది. ఈరోజు చెప్పబోయే కొలతలన్నీ ఈ ఒక్క తేడా కోసమే.

లెక్క చూడండి. మీటరు వెడల్పు, వంద మీటర్ల పొడవు ఉన్న దారి అనుకోండి. గంటలో 50 మిల్లీమీటర్ల వాన పడితే ఆ దారి మీద నేరుగా పడే నీరే 5,000 లీటర్లు. పైనున్న కొండ నుంచి జారి వచ్చేది ఇందులో లేదు. తుపాను రోజు 200 మిల్లీమీటర్లు పడితే 20,000 లీటర్లు. ఆ నీరంతా దారి వెంటే పరుగెత్తితే కింది కొసకు వచ్చేసరికి మట్టి మొత్తం ఊడ్చుకుపోతుంది. అదే దారికి పదిచోట్ల బయటికి పోయే తోవ ఉంటే ఒక్కోచోట పదో వంతు మాత్రమే దిగుతుంది. అంతమాత్రం నీటిని గడ్డి కూడా ఆపగలదు.

మన నేల సంగతి కూడా చెప్పాలి. ఈ కొండల్లో ఎక్కువగా ఉన్నది ఖొండలైట్ రాయి. తూర్పు కనుమల్లోని ఖోండు గిరిజనుల పేరు మీదే దానికి ఆ పేరు వచ్చింది. లోపల గట్టిదే. కానీ వేడికీ, తేమకీ పైపొర కుళ్లిపోయి గుల్లవుతుంది. బాగా కుళ్లినచోట చేత్తో నలిపితే పొడి రాలుతుంది. దాని మీద పలుచగా ఎర్రమట్టి, ఆ మట్టి మీద రాలిన సన్న గులకరాళ్లు. ఎండాకాలంలో ఆ గులకరాళ్లు గట్టి నేల మీద గోలీల్లా దొర్లుతాయి. వానాకాలంలో అదే మట్టి టైరుకు ముద్దలా పట్టుకుంటుంది. జూన్ నుంచి వానలు మొదలవుతాయి గానీ, మన తీరానికి అసలు పరీక్ష అక్టోబరు, నవంబరు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గరే తీరం దాటింది. దారి ఎలా ఉండాలో ఆలోచించేటప్పుడు మామూలు వానను కాదు, అలాంటి రోజును కళ్ల ముందు పెట్టుకోవాలి.

ఇక ఎక్కడ వేయకూడదో ముందే చెప్పేస్తాను. కంబాలకొండ వన్యప్రాణి అభయారణ్యం. అందులోకి అడుగు పెట్టాలంటేనే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అటవీ శాఖ అనుమతి కావాలి. కొత్త దారి తవ్వడం అన్న మాటే లేదు. శాఖ వాళ్లు ఏ బాటలో వెళ్లమంటే ఆ బాటలోనే వెళ్లాలి. ఎర్రమట్టి దిబ్బలను జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించింది. అవి గట్టిపడని ఇసుక పొరలు. ఒక్క టైరు గాడి పడినా తర్వాతి వానకు అది చీలికగా మారుతుంది. దయచేసి అక్కడ సైకిలు దించకండి, నడిచి చూడండి. తొట్లకొండ, బావికొండ, పావురాలకొండ బౌద్ధ క్షేత్రాలు, అక్కడ పార పెట్టకూడదు. తొట్లకొండకు ఆ పేరు వచ్చింది రాతిలో తొలిచిన నీటి తొట్ల వల్లే. కొండ మీద పడ్డ వాన ఎటు పోతుందో చూసి, దాన్ని పట్టి నిలుపుకున్నారు ఆ భిక్షువులు. వెళ్లినప్పుడు ఆ తొట్లు ఎక్కడ తొలిచారో, నీరు వాటిలోకి ఎటు నుంచి వస్తుందో ఒకసారి గమనించండి. దారి వేసేవాడికి అంతకు మించిన పాఠం దొరకదు.

మరి మిగిలింది ఏమిటి అంటే, ఊరి ఉమ్మడి మెట్టలు, సొంత భూములు, యజమాని ఒప్పుకున్న జీడితోటలు, ఇప్పటికే ఉన్న పశువుల బాటలు. నోటిమాట చాలదు, కాగితం మీద ఒప్పుకోలు తీసుకోండి. కొత్తది తవ్వేకన్నా ఉన్న బాటను బాగుచేసుకోవడం ఎప్పుడూ మేలు. గొర్రెలు, మేకలు వేసిన బాటలు చాలావరకు కొండ నడుము వెంటే వెళ్తాయి. మనుషులు వేసినవే తొందరలో నిట్టనిలువుగా దిగుతాయి.

ఇప్పుడు కొలతలకు వద్దాం.

వాలును శాతంలో చెప్పుకుంటాం. పది మీటర్ల దూరానికి మీటరు ఎత్తు పెరిగితే 10 శాతం. దారి మొత్తం మీద సగటు వాలు 10 శాతం దాటకూడదు. మన గుల్ల నేలకు 7, 8 దగ్గర ఆగమంటాను. మధ్యలో రాయి తేలిన చోట కొద్ది మీటర్లు 15 శాతం ఉన్నా ఫరవాలేదు. దీనివల్ల దారి పొడవెంత పెరుగుతుందో చూడండి. 150 మీటర్ల ఎత్తు ఎక్కడానికి 10 శాతంలో 1,500 మీటర్లు కావాలి, 7 శాతంలో సుమారు 2,150 మీటర్లు. చాలామంది ఇక్కడే వెనక్కి తగ్గి అడ్డదారి తొక్కుతారు. ఆ మిగిల్చుకున్న 650 మీటర్ల బదులు ఏటా మరమ్మతు చేస్తూ కూర్చోవాలి.

రెండో నియమం సగం లెక్క. దారి వాలు ఆ చోట కొండ వాలులో సగానికి మించకూడదు. అమెరికాలో 1988లో ఏర్పడిన ఇంటర్నేషనల్ మౌంటెన్ బైసైక్లింగ్ అసోసియేషన్ ప్రపంచమంతా చెప్పి చెప్పి అలవాటు చేసిన సూత్రం ఇది. కొండ వాలు 40 శాతం ఉంటే దారికి పైహద్దు 20. అక్కడ 8 శాతం దారి హాయిగా నిలుస్తుంది. కానీ కొండ పాదం దగ్గర వాలు 12 శాతమే ఉందనుకోండి, అదే 8 శాతం దారి సగం దాటిపోయింది. నీటికి పక్కకు పోవడం కన్నా దారి వెంట పోవడమే సులువైపోతుంది. అందుకే నిటారు కొండ కన్నా మెల్లని వాలే మనల్ని ఎక్కువ మోసం చేస్తుంది. తేలిగ్గా ఉంది కదా అని తవ్వేసిన పాదం దగ్గరి దారులే ముందు పాడవుతాయి.

కొలవడానికి ఖరీదైన పనిముట్లు అక్కర్లేదు. తాపీ మేస్త్రీలు మట్టం చూసే పారదర్శకమైన నీటి గొట్టం చాలు. పన్నెండు, పదమూడు మీటర్ల గొట్టం తీసుకోండి. మీటరున్నర కర్రలు రెండింటికి సెంటీమీటర్ల టేపు అంటించి, గొట్టం రెండు కొసలనూ వాటికి కట్టండి. కర్రల మధ్య పది మీటర్ల పురికొస. గొట్టంలో నీళ్లు నింపి, కాస్త రంగు కలపండి. లోపల ఒక్క గాలిబుడగ ఉన్నా లెక్క తప్పుతుంది, గొట్టాన్ని తట్టి తట్టి బుడగలు పైకి పంపేయాలి. కింద ఒకరు, పైన ఒకరు నిలబడి నీటిమట్టం చదవాలి. కింది కర్ర మీద 115, పై కర్ర మీద 40 వస్తే తేడా 75 సెంటీమీటర్లు, అంటే పది మీటర్లకు ఏడున్నర శాతం. ఒక చోటి నుంచి మరో చోటికి కదిలేటప్పుడు రెండు కొసలూ బొటనవేలితో మూయాలి, లేకపోతే నీళ్లు కారిపోతాయి. వాలు మరీ ఎక్కువైన చోట పురికొస అయిదు మీటర్లకు కుదించుకోండి.

కొండ వాలు తెలుసుకోవడం ఇంకా సులువు. రెండు మీటర్ల కర్ర ఒక కొసను వాలుకు ఆనించి, రసమట్టం పెట్టి అడ్డంగా పట్టుకోండి. రెండో కొస నుంచి నేలకు 80 సెంటీమీటర్లు ఉంటే 40 శాతం.

గీత మొత్తం ముందు రిబ్బన్లతో గుర్తు పెట్టి, కనీసం మూడుసార్లు పైకీ కిందికీ నడవండి. ఒకసారి వానలో నడవండి. ఆ తర్వాతే ముగ్గుపిండి చల్లి పార పట్టండి. రిబ్బను మార్చడానికి ఒక నిమిషం పడుతుంది, తవ్విన దారి మార్చడానికి ఒక నెల.

(బోర్డు మీద గీస్తూ) ఇది కొండ వాలు. దారి వెడల్పు 80 సెంటీమీటర్లు చాలు. ఈ వెడల్పు మొత్తం కదలని నేలలోకి తవ్వి తీయాలి. దీన్ని ఫుల్ బెంచ్ అంటారు. సగం తవ్వి, ఆ మట్టినే బయటి అంచున పోసి వెడల్పు చేస్తే పని సగమే అవుతుంది. కానీ పోసిన మట్టి మొదటి పెద్ద వానకు జారిపోతుంది, దాంతో పాటు చక్రం కూడా. తవ్విన మట్టిని కింది వాలు మీద దూరంగా, పలచగా వెదజల్లండి. అంచున కుప్ప పెట్టారంటే నీటికి ఆనకట్ట కట్టినట్టే.

దారి అడ్డుకొలత సముద్రం వైపుకు, అంటే దిగువకు కాస్త వాలి ఉండాలి, 5 శాతం. 80 సెంటీమీటర్లకు 4 సెంటీమీటర్లు. చూస్తే తెలియదు, నీటికి తెలుస్తుంది. లోపలి వైపు గోడను నిలువుగా వదలకండి. కుళ్లిన ఖొండలైట్ నిలువుగా నిలబడదు, పెళ్లలు పెళ్లలుగా ఊడి దారి మీద పడుతుంది. 45 డిగ్రీలకు ఏటవాలుగా చెక్కండి. 40 శాతం కొండ మీద ఇవన్నీ కలిపితే పది మీటర్ల దారికి దాదాపు 1.8 ఘనపు మీటర్ల మట్టి తీయాలి, తూకంలో సుమారు మూడు టన్నులు. రాతినేలలో మనిషి రోజుకు అయిదారు మీటర్లు తవ్వితే బాగా తవ్వినట్టే. ఆదివారం ఒక్కపూట కిలోమీటరు వేసేద్దాం అనుకునేవాళ్లకు ఈ లెక్క చూపించండి.

ఆకుల పొర, వేళ్లతో నిండిన నల్లమట్టి మొత్తం ఎత్తిపోయాలి. దాన్ని దారి కింద వదిలేస్తే తేమ పట్టుకుని మెత్తబడి, కుళ్లి, కుంగుతుంది. ఎర్రటి గట్టినేల కనబడేదాకా తీసి, కాస్త తడి ఉన్నప్పుడు దిమ్మిసతో కొట్టండి. ఎండిన మట్టిని ఎంత కొట్టినా దుమ్మే లేస్తుంది, కూర్చోదు.

(సభలో ఒకరు: జేసీబీ పెట్టి తవ్విస్తే రెండు రోజుల్లో అయిపోతుంది కదండీ?)

అవుతుందండి. కానీ మామూలు జేసీబీ నిలబడడానికే రెండు మీటర్లకు పైగా చోటు కావాలి. 80 సెంటీమీటర్ల దారి కోసం మూడింతలు నేలను చీలుస్తాం. వెడల్పు దారి మీద మూడింతల నీరు పడుతుంది, అంతెత్తున గోడ కోయాల్సి వస్తుంది, కింద పోసిన మట్టి కొండ పొడుగునా జారుతుంది. మీటరు వెడల్పు ఉండే చిన్న ఎక్స్‌కవేటరు దొరికితే, దాన్ని నడిపే మనిషికి కొండ వాలు మీద అలవాటుంటే, అప్పుడు ఆలోచించండి. అప్పుడైనా ఆఖరి నగిషీ పారతోనే, చేత్తోనే.

అన్నిటికన్నా ముఖ్యమైన చోటుకు వచ్చాం. 5 శాతం పక్కవాలు పెట్టాం కదా, నీరు పక్కకు పోతుందని ధీమాగా ఉండకండి. ఏడాది తిరిగేసరికి చక్రాలు నడిమిని తొక్కి తొక్కి అయిదారు సెంటీమీటర్ల దొన్నెలా చేస్తాయి. బయటి అంచున మట్టి గట్టుకడుతుంది. పక్కవాలు పోతుంది. అప్పుడు మనల్ని కాపాడేది ఒక్కటే, ఎదురువాలు. ఇంగ్లీషులో గ్రేడ్ రివర్సల్ అంటారు. దిగుతున్న దారి ఒకచోట కాసేపు ఎక్కి, మళ్లీ దిగాలి. ఎక్కడానికి ముందున్న ఆ పల్లంలోకి వచ్చిన నీరు ఎదురు ఎక్కలేదు, పక్కకు దిగిపోవాల్సిందే. దారి ఎంత దొన్నె అయినా ఈ ఏర్పాటు పనిచేస్తుంది.

కొలత చెబుతాను. పల్లం మూడు మీటర్ల పొడవు, ఆ తర్వాత మిట్ట నాలుగైదు మీటర్లు. పల్లం అడుగు నుంచి మిట్ట నెత్తికి 30 నుంచి 45 సెంటీమీటర్లు. పల్లం అడుగున బయటి అంచు పూర్తిగా తెరిచి, మీటరున్నర వెడల్పున కింది వాలులోకి చెక్కాలి. చాలామంది మిట్టను చిన్నగా, పొట్టిగా, స్పీడ్ బ్రేకర్‌లా కడతారు. అలాంటిది రెండు నెలల్లో చక్రాల కింద అరిగిపోతుంది. పొడుగ్గా ఉంటే సైకిలు మీదున్నవాడికి అల మీద తేలినట్టుంటుంది, దిగేవాడి వేగం కూడా దానంతట అదే తగ్గుతుంది. ఎంత దూరానికొకటి? 10 నుంచి 15 మీటర్లకు. వాలు ఎక్కువైన చోట ఇంకా దగ్గరగా. ఎక్కువయ్యాయి అని ఏ దారీ పాడవలేదు, తక్కువై పాడైనవే అన్నీ.

వీటికి బదులుగా దుంగలు అడ్డం పాతే అలవాటుంది. వద్దు. దుంగ వెనక మట్టి నిండిపోతే నీరు దాని మీదుగా దూకి అవతల గొయ్యి తీస్తుంది. తడిసిన దుంగ మీద ముందు చక్రం ఏటవాలుగా పడితే జారి తీరుతుంది. పైగా మన దగ్గర చెదలు ఏడాదికి మించి మిగల్చవు.

గెడ్డలు, అంటే కొండవాగులు, దాటేచోట ఇదే సూత్రం. దారి రెండు వైపుల నుంచీ గెడ్డలోకి దిగి, గెడ్డలోంచి పైకి ఎక్కాలి. ఒకవైపు నుంచి దిగి అదే వాలులో రెండోవైపు దిగుతూ పోతే, వరద వచ్చిన రోజు గెడ్డ తన పాత దారి వదిలి మీ దారిని పట్టుకుంటుంది. దాటేచోట పెద్ద బల్లపరుపు రాళ్లు పరవండి. ఒక్కో రాయి మూడింట రెండు వంతులు నేలలో ఉండాలి, ఒకదానికొకటి బిగిసి ఉండాలి. నిలబడి ఊగితే కదిలే రాయి, వరదలో పోయే రాయి. పరుపు దిగువ అంచున అన్నిటికన్నా బరువైన రాళ్లు పాతండి, కోత అక్కడి నుంచే మొదలవుతుంది. సిమెంటు పోయకండి. కింద మట్టి కోసుకుపోతే పలక గాలిలో వేలాడుతూ ఒకరోజు విరుగుతుంది.

మలుపుల గురించి కొద్దిగా. లోపలికి వాల్చిన మలుపు తిరగడానికి బాగుంటుంది, కానీ దాని కడుపులో నీరు చేరుతుంది. కాబట్టి మలుపుకు ముందొక ఎదురువాలు, తర్వాత ఒకటి తప్పనిసరి. నిటారు చోట్ల వెనక్కి తిరిగే మలుపులు రెండు, మూడుకు మించకుండా గీత వేసుకోండి. ఎన్ని ఎక్కువైతే అంతమంది మధ్యలోంచి అడ్డంగా దిగుతారు, ఆ అడ్డదారే కొత్త కాలవ.

ఈ కొండలు ఖాళీగా లేవు. కట్టెలమోపు ఎత్తుకుని వచ్చే ఆడవాళ్లు ఉంటారు. మోపు ఉన్న మనిషి చప్పున పక్కకు తప్పుకోలేదు. మార్చి నుంచి మే దాకా జీడిపిక్కలు ఏరుకునేవాళ్లు వంగి ఉంటారు, కనబడరు. మలుపు దగ్గర పొదలు కొట్టి కనీసం 15 మీటర్ల చూపు ఉంచండి. హ్యాండిలుకు గంట పెట్టుకోండి. ఎదురుగా మనిషి గానీ, పశువు గానీ వస్తే ఆగాల్సింది సైకిలే, అదీ దిగువ అంచున దిగి నిలబడాలి. దారి మీద మొదటి హక్కు వాళ్లది.

తొక్కే తీరుకూ దారికీ సంబంధం ఉంది. వెనక చక్రం బిగబట్టి జారుస్తూ మలుపు తిరిగితే గులకరాళ్లు ఎగిరి చూడ్డానికి బాగుంటుంది. ఆ జారిన గాడే తర్వాతి వానకు నీటి తోవ. వేగం మలుపుకు ముందే, తిన్నగా ఉన్నప్పుడే తగ్గించాలి. రెండు బ్రేకులూ కలిపి, మెల్లగా. మలుపులోకి వచ్చాక వేళ్లు వదిలేయాలి. గులకరాళ్ల మీద వంగినప్పుడు ముందు బ్రేకు పట్టుకున్నారంటే పడ్డట్టే. పెడళ్లు సమంగా, మడమలు కిందికి, మోచేతులు బయటికి, చూపు చక్రం ముందు కాదు, మలుపు అవతలికి.

సైకిలు విషయంలో మన తీరానికి ప్రత్యేకమైనవి మూడు. ఒకటి, ముళ్లు. సర్కారు తుమ్మ ముల్లు ఏ టైరునైనా దింపుతుంది. ట్యూబ్‌లెస్ టైర్లు పెట్టుకుని, 29 అంగుళాల చక్రానికి 100 మిల్లీలీటర్ల సీలెంట్, అంటే చిల్లు పూడ్చే ద్రవం, పోయండి. మన వేడికి అది రెండు, మూడు నెలల్లో ఎండిపోతుంది, ఊపి చూస్తే చప్పుడు రాకపోతే మళ్లీ పోయాలి. ముల్లు పీకాక చిల్లును నేల వైపుకు తిప్పి నిమిషం ఆగండి. 70 కిలోల మనిషికి రెండు పాయింట్ మూడు అంగుళాల టైరులో గాలి ఒత్తిడి ముందు 22 నుంచి 24, వెనక 25 నుంచి 27 పీఎస్‌ఐ ఉండాలి. తెల్లవారి నీడలో 24 ఎక్కించిన టైరు మిట్టమధ్యాహ్నం 50 డిగ్రీలకు కాలితే 27 అవుతుంది. పట్టు తప్పుతోందంటే ముందు ఇది చూడండి. రెండు, ఉప్పుగాలి. తొక్కిన ప్రతిసారీ గొలుసును తడిగుడ్డతో తుడిచి, ఆరాక నూనె వేయండి. సీటు పోస్టుకు ఏడాదికి రెండుసార్లు గ్రీజు, లేకపోతే ఫ్రేములో పట్టేసుకుంటుంది. మూడు, బ్రేకులు. డాట్ రకం బ్రేకు ద్రవం గాలిలో తేమను పీల్చుకుంటుంది, తేమ చేరితే వేడికి మరిగి బ్రేకు పట్టదు. ఏడాదికోసారి మార్చండి. మినరల్ ఆయిల్‌తో పనిచేసే బ్రేకుల్లో డాట్ పోస్తే లోపలి రబ్బరు సీళ్లు ఉబ్బి మొత్తం పాడవుతుంది.

(సభలో మరొకరు: వాన పడ్డాక ఎన్ని రోజులు ఆగాలి?)

రోజులు లెక్క పెట్టకండి, టైరు అచ్చు చూడండి. అచ్చు సెంటీమీటరు లోతు దిగుతుంటే, మట్టి టైరుకు చుట్టుకుంటుంటే, వెనక్కి తిరగండి. గులక ఎక్కువ ఉన్న చోట మర్నాటికే ఆరుతుంది. జీడిచెట్ల నీడలో నాలుగు రోజులైనా తడిగానే ఉంటుంది.

మరమ్మతుకు ఏడాదిలో రెండుసార్లు పెట్టుకోండి. మే ఆఖరున ఒకసారి, సెప్టెంబరు ఆఖరున ఒకసారి. రెండోది మాత్రం ఏ పనున్నా మానకండి. బయటి అంచున కట్టిన గట్టును పారతో తీసేయడం, ప్రతి పల్లం నోరు తెరవడం, ఆకులు ఎత్తడం. నలుగురు మనుషులు కలిస్తే కిలోమీటరు దారికి ఒక పూట.

ఇంకొక్క పని. అక్టోబరులో మొదటి గట్టి వాన పడుతున్నప్పుడు, పిడుగులు లేవని చూసుకుని, సైకిలు ఇంట్లో వదిలి, గొడుగూ కాసిని రిబ్బన్లూ తీసుకుని దారి వెంట నడవండి. నీరు ఎక్కడ పక్కకు దిగిపోతోందో అక్కడ ఏమీ చేయనక్కర్లేదు. ఎక్కడ మీతో పాటు నడుస్తోందో అక్కడ పక్కనున్న కొమ్మకు ఒక రిబ్బను కట్టండి. వాన వెలిశాక పార తీసుకుని, పై కొస రిబ్బను దగ్గర మొదలుపెట్టి కిందికి రండి. పైన ఒకచోట నీటిని బయటికి పంపితే, కింద కట్టిన రిబ్బన్లు రెండు మూడు విప్పేయొచ్చు.